దిక్కులేని మేకు

రాత ఒకటి, సోమవారం

ఇకనుంచి రోజూ చేసిన పనంతా రాసిపెట్టాలట. బోర్డు ఆర్డరు. ఇన్నేళ్ళూ రాయకుండానే చేశాం కదా, ఎవరి ఊపిరన్నా ఆగిందా? లేదు. అయినా రాయాలట. ఆర్డరు చదివి వినిపించింది మా షెడ్డు పెద్ద జోగినాథం గారు. ఆయనకి తిత్తికీ తిరగలికీ తేడా తెలీదు గానీ గొంతు మాత్రం అద్భుతం. ఆర్డర్లు చదవడానికే పుట్టాడు మహానుభావుడు.

సరే, రాస్తున్నాను. నా పేరు రత్నవేణి. నీళ్ళ మీద తేలే పంటుల ఊరు తేలూరు, అందులో పదకొండో పంటు, తిత్తుల షెడ్డు, పొద్దుటి షిఫ్టు.

ఇది చదవబోయే బోర్డు పెద్దలకి మేకంటే ఏంటో తెలీదని నాకు తెలుసు. పోయినేడు తనిఖీకొచ్చిన ఒకాయన షెడ్డంతా తిరిగి, "మేకులు మేకులు అంటారు, ఒక్కటీ కనపడదేం?" అని గోడల వంక చూశాడు. నవ్వాపుకోలేక చచ్చాం. అందుకని అక్షరాభ్యాసం నుంచీ చెప్తాను.

కింద మునిగిన ఊళ్ళలోంచి రాగి తెచ్చేవాళ్ళందరికీ ఛాతీలో తిత్తి ఉంటుంది. నీళ్ళలో ఉంటే నీళ్ళలోంచి, బయటికొస్తే గాల్లోంచి ఊపిరి తీసిపెడుతుంది. దానిలో ఒక ప్రోగ్రాం నడుస్తూ ఉంటుంది, ఆదేశం వెంట ఆదేశం. ఎక్కడన్నా తేడా వస్తే సరిగ్గా ఆ చోట దాన్ని ఆపి లోపల చూడాలి. ఆగవే తల్లీ అంటే ఆగదు. అందుకని ఆ చోట ఉన్న ఆదేశాన్ని తీసి మా డబ్బాలో దాచి, దాని బదులు మేకు కొడతాం. మేకు కూడా ఒక ఆదేశమే. 'ఇక్కడ ఆగు' అని, అంతే. ప్రోగ్రాం పరుగెత్తుకుంటూ వచ్చి దానికి తగిలి ఆగుతుంది. అప్పుడు మా పరికరం తన పట్టీ తీసి చూసుకుంటుంది, ఈ చోట మేకు మనదేనా అని. మనదే అయితే మమ్మల్ని పిలుస్తుంది. మేము చూడాల్సింది చూసుకున్నాక దాచిన ఆదేశాన్ని దాని చోట పెడుతుంది. ప్రోగ్రాం అప్పటికే మేకుని దాటి ఒక అడుగు ముందుకొచ్చేసి ఉంటుంది కాబట్టి దాన్ని ఒక అడుగు వెనక్కి జరుపుతుంది. ఆ ఒక్క అడుగూ నడిపించి, మళ్ళీ అక్కడే మేకు కొట్టి, ఇక పో అని వదిలేస్తుంది. కింద ఉన్న మనిషికి ఇదంతా ఒక్క గుటక.

మేకు మీద పేరుండదు, నంబరుండదు. ఏ మేకు చూసినా ఒకటే మేకు. నంబరు, చోటు, ఎన్నిసార్లు తగిలింది, ఎన్ని బారల లోతు దాటితే ఆగాలి, ఇవన్నీ ఉండేది మా పట్టీలో. ఇంకో సంగతి, తెర మీద ప్రోగ్రాం తెరిచి చూస్తే మా పరికరం మా మేకుల్ని మాకు చూపించదు. డబ్బాలో దాచిన అసలు ఆదేశాన్నే ఆ చోట చూపిస్తుంది. మర్యాద తెలిసిన పరికరం. మా షెడ్డులో మర్యాద తెలిసింది అదొక్కటే.

అసలు ప్రోగ్రాం జోలికి పోకుండా ఆపే కొక్కేలు ప్రతి తిత్తి చిప్పులోనూ ఉంటాయి. నాలుగే నాలుగు. ఆ నాలుగూ బోర్డువారు వాళ్ళ రాగి లెక్కలకి తగిలించేసుకున్నారు. మాకు మిగిలింది మేకులు. వాళ్ళ బుర్రలు అలా పనిచేస్తాయి.

ఈ రోజు పని మా ఆడపడుచు పైడి తిత్తి. పైకొచ్చేటప్పుడు ఒక్క క్షణం ఎవరో పీక పట్టుకున్నట్టుంటోందట. "ఎవరో ఏంటే, మీ చిన్నొదినే అయ్యుంటుంది" అన్నాను. "అబ్బ, మొదలెట్టేశావా పెద్దొదినా" అని నవ్వింది. నీళ్ళ ఊపిరి నుంచి గాలి ఊపిరికి మారే చోట ఒక మేకు కొట్టాను. నంబరు ఏడు.

రాత రెండు, మంగళవారం

సాయంత్రం షిఫ్టు చేసేది సుభాషిణి. నా తోడికోడలు. ఆ పేరు పెట్టినవాళ్ళకి ముందుచూపు బొత్తిగా లేదు.

మేమిద్దరం మాట్లాడుకోం. రెండేళ్ళయింది. ఎందుకో కూడా రాస్తాను, బోర్డువారు చదివి తరించాలి. ఈ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మేకు పీకినప్పుడు "పీకేశా!" అని గట్టిగా అరవాలి. విన్నవాళ్ళు "విన్నా!" అనాలి. షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాళ్ళు వెళ్ళేవాళ్ళని ఏ మేకులు పీకారో అడగాలి. ఈవిడ కొత్తగా చేరిన వారంలోనే, షెడ్డు నిండా జనం ఉండగా, ముంగిట్లో నిలబడి నన్ను అడిగింది: "ఏం పీకావక్కా?"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. జోగినాథం గారైతే కళ్ళు తుడుచుకున్నాడు. నేను మేకుల గురించే అడిగానని ఆవిడ వాదన. మేకుల గురించైతే ఏ మేకులు తీశావని అడగొచ్చు, ఎన్ని తీశావని అడగొచ్చు. ఆ మాటే, ఆ గొంతుతోనే, అంతమంది ముందే అడగాలా? ఈ పని చేస్తూ నా వేళ్ళు అరిగిపోయాయి. నేనేం పీకానో నిన్నగాక మొన్నొచ్చిన మనిషి అడగడమా!

అప్పట్నుంచి నేను అరవడం మానేశాను. ఆవిడా మానేసింది. ఎవరి మేకులు వాళ్ళవి, ఎవరి పరికరం, పట్టీ, డబ్బా వాళ్ళవే. ఇంట్లో వంటగది ఒకటే కాబట్టి మధ్యలో పైడి. ముగ్గురం ఒకే చాప మీద కూచుని తింటుంటే, "పైడీ, నాచు పచ్చట్లో ఉప్పెక్కువైందని చెప్పు" అంటాను. పైడి పక్కకి తిరిగి, "చిన్నొదినా, ఉప్పెక్కువైందట" అంటుంది. "ఉప్పు మీద కూచుని బతుకుతూ ఉప్పెక్కువేంటో అడుగు" అంటుంది ఆవిడ. పైడి ఇటు తిరుగుతుంది. దాని మెడ అరిగిపోకుండా ఉండటం మా అదృష్టం. మా ఆయనా, ఆవిడాయనా ఉప్పు పడవల మీద ఉంటారు కాబట్టి సరిపోయింది. మగాళ్ళు ఇంట్లో ఉంటే చిన్న గొడవని సర్దబోయి పెద్దది చేస్తారు.

రాత మూడు, బుధవారం

పంటు అడుగున పట్టిన నత్తలు గీకే వంతు మాది. చేతులు కోసుకుపోయాయి. షెడ్డుకి ఆలస్యంగా వెళ్ళాను, జోగినాథం గారు గడియారం వంక చూశాడు. చూసుకోనీ, ఆయనకి వచ్చిన పని అదే.

పైడి పైకొచ్చినప్పుడు ఏడో మేకు తగిలింది. లోపలంతా చూశాను. మారే చోట తప్పేం లేదు. పీక పట్టుకుంటున్నది ఇంకెవరో.

రాత నాలుగు, గురువారం

పైడి మధ్యాహ్నం వచ్చి నా ముందు నిలబడింది. మొహంలో నవ్వు లేదు. "చిన్నొదిన చెప్పమంది. ఆ మారే చోట ఆపు ఉందట, 'ఇక్కడ ఆగు' అనే ఆదేశం. తయారుచేసినవాళ్ళే పెట్టి మర్చిపోయారట. అదే నా జబ్బేమో అంటోంది."

మారే చోట ఆపా? తయారీవాళ్ళు పెట్టారా? వాళ్ళేమన్నా ఈవిడలా అనుకుందా! వెంటనే తెర తెరిచాను. ఆపు లేదు, ఏమీ లేదు. ఉండాల్సిన ఆదేశం ఉండాల్సిన చోట బంగారంలా కూచుని ఉంది. పైడిని పక్కన నిలబెట్టుకుని, వేలు పెట్టి చూపించి, అక్కడేముందో చదివి వినిపించాను. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. "ఇదే మాట వెళ్ళి చెప్పు. చదవడం రాకపోతే బడికెళ్ళమను" అన్నాను.

"బడికెళ్ళమని కూడా చెప్పాలా?" అంది పైడి.

"అదే ముఖ్యం."

వెళ్ళింది. ఏం జవాబు తెచ్చిందో రాయను. ఇది బోర్డువారి కాగితం, కొన్ని మాటలు దీని మీద రాయకూడదు.

రాత ఐదు, శుక్రవారం

దొరికింది. పైడి పీక పట్టుకుంటున్నది సాక్షాత్తూ బోర్డువారు.

ఆ నాలుగు కొక్కేలున్నాయే, మనిషి పైకి తేలగానే అవి తిత్తిని ఒక్క క్షణం ఆపి, బస్తాలో రాగి ఎంతుందో లెక్క అడుగుతున్నాయి. మనిషి ఊపిరి మార్చుకునే క్షణంలోనే అడగాలా? ఒడ్డుకొచ్చి కూచున్నాక అడిగితే రాగి కరిగిపోతుందా? జోగినాథం గారికి చెప్తే, "అలా రాయకండమ్మా, బోర్డు పేరు ఎందుకు" అన్నాడు. రాస్తున్నాను. బోర్డు. బోర్డు. బోర్డు. ఆఖరికి ఆయనే వణుక్కుంటూ వెళ్ళి కొక్కేల్ని తీయించాడు.

పైడి మునిగి తేలింది. "హాయిగా ఉందొదినా" అంది. పని అయిపోయింది కాబట్టి ఏడో మేకు పీకాను. డబ్బాలో ఆదేశం దాని చోటికి వెళ్ళిపోయింది, పట్టీలో ఏడు నంబరు చెరిగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

రాత ఆరు, ఆదివారం

పైడికి చెవి పోటు. నీళ్ళలో దిగొద్దన్నారు. ఇంట్లో కూచుని అద్దాల మీద పేరుకున్న ఉప్పు తుడుస్తోంది, పాడుతోంది, మా ఇద్దరి ప్రాణాలూ తోడుతోంది. "మీ మాటలు మొయ్యడానికి నాకు ఇంకో తిత్తి పెట్టించండి" అంటోంది.

సుభాషిణి తన మేకులు పీకిందో లేదో నాకు తెలీదు. పీకితే అరవాలి. అరవలేదు. నాకేం పోయింది?

రాత ఏడు, బుధవారం

ఈ రాత ఒక్క గుక్కలో రాస్తున్నాను. బాగా లేకపోతే బోర్డువారు క్షమించక్కర్లేదు.

పైడి చెవి తగ్గింది. పొద్దున్నే లోతు పనికి దిగింది, ముప్పై బారల కింద. సాయంత్రందాకా రాదు. నా షిఫ్టు అయిపోయాక జోగినాథం గారు పైడి తిత్తి మీద ఆఖరి నివేదిక అడిగాడు. సరే, ఒకసారి ప్రోగ్రాం చూసి రాద్దామని తెర తెరిచాను. మారే చోట మేకు ఉంది.

మొదట నాకు ఒళ్ళు మండింది. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు. దొరికిపోయావే సుభాషిణీ, పని అయిపోయినా మేకు పీకకుండా మనిషిని దింపావు! ఎవరి పట్టీలోనూ లేని మేకుకి తగిలితే ఏమవుతుందో ఈ షెడ్డులో అందరికీ తెలుసు. ఏ పరికరమూ అది నాది అనదు. అప్పుడు తిత్తి తనకే ఏదో జబ్బు చేసిందనుకుని మొత్తం మూసుకుపోతుంది. మూసుకున్న తిత్తి మళ్ళీ తెరుచుకోదు. దాన్ని మేము దిక్కులేని మేకు అంటాం. అయితే ఇది సుభాషిణి పట్టీలో ఉండే ఉంటుంది, అంత ప్రమాదం లేదు, కానీ పరువు తియ్యడానికి చాలు. గబగబా వెళ్ళాను.

ఆవిడ పరికరం ముందు కూచుని ఉంది. పైడి నడుముకి కట్టిన తీగ ఆ పరికరంలోకే వస్తుంది, మాటా అందులోనే వస్తుంది. నేను జోగినాథం గారి వైపు తిరిగాను. "ఆవిడ మేకు పీకకుండా మనిషిని దింపిందని చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా సుభాషిణీ, నువ్వు అదేదో... పీకలేదట."

"శనివారమే పీకానని చెప్పండి" అంది తల తిప్పకుండా. "నా పట్టీ ఖాళీ. కళ్ళుంటే వచ్చి చూసుకోమనండి."

చూశాను. ఖాళీయే. నా పట్టీ కూడా ఖాళీయే. మేకు మాత్రం ఉంది.

"ఎక్కడ కొట్టావు నువ్వు?" అన్నాను. ఆవిడతోనే అన్నాను, మధ్యలో ఎవరూ లేకుండా. ఆవిడ కూడా ఉలిక్కిపడి నా వంక చూసింది.

"మారే చోట."

"ఎప్పుడు?"

"మంగళవారం సాయంత్రం."

"శనివారం పీకినప్పుడు నీ డబ్బాలోంచి ఏం వెళ్ళి అక్కడ కూచుంది?"

"ఆపు. తయారీవాళ్ళ ఆపు. చెప్పి పంపానుగా, నువ్వు బడికెళ్ళమన్నావుగా."

తయారీవాళ్ళ ఆపు కాదది. నా ఏడో మేకు. సోమవారం నేను కొట్టాను. మంగళవారం ఈవిడ అదే చోట మేకు కొడుతూ, అక్కడున్న నా మేకునే అసలు ఆదేశం అనుకుని తన డబ్బాలో దాచుకుంది. నా పరికరం నా మేకుని నాకు దాచిపెట్టింది కాబట్టి నాకు అసలుది కనపడింది. ఆవిడ పరికరానికి నా మేకు సంగతి తెలీదు కాబట్టి ఆవిడకి మేకే కనపడింది. ఆవిడ చదివింది నిజం, నేను చదివిందీ నిజం. నేను శుక్రవారం పీకి అసలుది పెట్టాను. శనివారం ఈవిడ పీకి, తన డబ్బాలో ఉన్న నా మేకుని తీసుకెళ్ళి బుద్ధిగా అక్కడ నిలబెట్టింది. ఒక్కరం, ఒక్కసారి నోరు తెరిచి పీకేశా అని ఉంటే రెండోవాళ్ళం ఆగి చూసుకునేవాళ్ళం. ఛీ. ఇద్దరం ఇద్దరమే. ఇంత చదువూ, ఇంత పనితనమూ ఏట్లో కలవ.

సుభాషిణికి కూడా అర్థమైంది. "మరి పైడి..." అంది.

"అలాగే ఉండమను. పైకి రావద్దను."

ఆవిడ తీగలో చెప్పింది. పైడి గొంతు బుడబుడలాడుతూ వచ్చింది. "ఐదు బారల దగ్గరికి వచ్చేశానుగా చిన్నొదినా. తిత్తిలో ఛార్జి అయిపోతోంది. బస్తా బరువుగా ఉంది. ఏమైంది?"

"ఏం కాలేదు" అన్నాను నేను.

"పెద్దొదినేనా? అక్కడేం చేస్తున్నావు? ఇద్దరూ ఒకచోట ఉన్నారంటే నేను చచ్చానన్నమాటే."

జోగినాథం గారు ఈ విషయం బోర్డుకి తెలియజెయ్యాలంటూ లేచి వెళ్ళిపోయాడు. పోయాడు, అదే పదివేలు.

అక్కడ కూచుని మేకు మార్చెయ్యొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. కుదరదు. గాలి ఊపిరి భాగం మనిషి పైకి వచ్చాకే తిత్తిలోకి ఎక్కుతుంది. అందాకా తాళం వేసిన అరలో ఉంటుంది, చూడొచ్చు గానీ ముట్టుకోలేం. ఎక్కిన మరుక్షణం మేకు తగులుతుంది. ఉన్న దారి ఒక్కటే. ఆ చోట మేకు మాదేనని ఇప్పుడే పట్టీలో రాయాలి. డబ్బాలో అసలు ఆదేశాన్ని చేత్తో పెట్టాలి. అప్పుడు తగిలినా మా పరికరం అది నాదే అంటుంది, తిత్తి మూసుకోదు.

"పట్టీలో రాశాను" అంది సుభాషిణి. "డబ్బాలో ఏం పెట్టను?"

నా డబ్బాలో ఉన్నది శుక్రవారం చెరిగిపోయింది. ఆవిడ డబ్బాలో ఎప్పుడూ అసలుది లేనే లేదు. ఇంకొకరి తిత్తి చూసి రాద్దామంటే ప్రతి తిత్తీ ఆ మనిషితోపాటు పెరుగుతుంది, ఏ రెండూ ఒకటి కావు. చూసినదాన్ని నేనొక్కదాన్నే.

"'గాలి తెరువు' అని పెట్టు" అన్నాను.

"కాదు."

"నేను చూశాను!"

"నువ్వు చూసింది నన్ను తప్పని చెప్పడానికి. అక్కడేముందో నీకు గుర్తు లేదు. నాకు గుర్తుంది. 'అక్కడ నీళ్ళు వదులు అని ఉంది, చదవడం రాకపోతే బడికెళ్ళమను' అన్నావు. పైడి వచ్చి నీ గొంతుతో సహా చెప్పింది. ఆ పూట అన్నం సయించలేదు నాకు. ఆ మాట నేను మర్చిపోతానా అక్కా?"

నీళ్ళు వదలకుండా గాలి తెరిస్తే రొమ్ములో రెండూ కలుస్తాయి. మనిషి ఒడ్డుకి చేరదు.

తీగలో పైడి దగ్గింది. "నీళ్ళు వదులు అనే అన్నావు పెద్దొదినా. మూడుసార్లు అన్నావు. మూడుసార్లూ నా భుజం మీద పొడిచావు."

"పెట్టు" అన్నాను. "నీళ్ళు వదులు. పెట్టెయ్."

పెట్టింది. పైడిని రమ్మంది. మేమిద్దరం తెర మీద లోతు అంకె తగ్గడం చూస్తూ కూచున్నాం. నా చెయ్యి ఆవిడ కుర్చీ మీద ఉందని నాకు తెలీలేదు. గాలి భాగం ఎక్కింది. తగిలింది. తిత్తి ఆగింది. తీగలో పైడి ఊపిరి శబ్దం ఆగిపోయింది. నేను ఆ నిశ్శబ్దం విన్నాను, ఎవరికీ వద్దు అది.

పరికరం పలికింది. మేకు, నంబరు ఒకటి, మనదే.

"వెనక్కి జరుపు, ఒక అడుగు వెనక్కి!" అని నేను మీటమీదికి చెయ్యి పోనిచ్చాను. సుభాషిణి ఫట్‌మని నా చేతి మీద కొట్టింది.

"అదే జరుపుకుంది! నువ్వింకోటి జరిపితే రెండవుతుంది!"

నిజమే. పట్టీలో ఉన్న మేకైతే పరికరమే జరుపుకుంటుంది. ఈ పనిలో జుట్టు నెరిసినదాన్ని, చిన్నపిల్లలా చెయ్యి పెట్టబోయాను.

"అసలుది పెట్టింది" అంది ఆవిడ. "ఒక అడుగు నడిపిస్తున్నా. నడిచింది."

"ఇప్పుడు మళ్ళీ మేకు కొడుతుంది అది, కొట్టనివ్వకు!"

"పీకనా?"

"పీకు!"

"పీకేశా!" అని అరిచింది.

"విన్నా!" అని అరిచాను.

తీగలో ఒక పెద్ద దగ్గు. నీళ్ళు కక్కిన శబ్దం. తర్వాత గాలి. మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం, సిగ్గులేకుండా, షెడ్డంతా చూస్తుండగా. ఇది కూడా బోర్డువారు చదవొచ్చు, నాకు పోయేదేం లేదు.

రాత ఎనిమిది, గురువారం

పైడి పొద్దున టీ తాగుతూ అంతా చెప్పమంది. చెప్పాం. నేను సగం, సుభాషిణి సగం. ఆవిడ వదిలేసింది నేను అందుకుంటూ, నేను తప్పు చెప్పింది ఆవిడ దిద్దుతూ. మా అంతట మేమే ముచ్చటపడిపోయాం, ఎంత బాగా మాట్లాడుకుంటున్నామో అని.

పైడి గ్లాసు కింద పెట్టింది. మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. పంటు అడుగున పట్టిన నత్తల్ని చూసినట్టు చూసింది మమ్మల్ని.

"రెండేళ్ళు" అంది. "ఉప్పెక్కువైందని మోశాను. బడికెళ్ళమని మోశాను. వదినలు కదా, వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాను. మీరు పోట్లాడుకునే చోటు నా ఛాతీ అని తెలీదు నాకు."

"పైడీ..." అన్నాను.

"నా ఊపిరి ఆగితేగానీ మీకు నోరు పెగల్లేదు. అంత గొప్ప నోళ్ళు మీవి."

సుభాషిణి దాని చెయ్యి పట్టుకోబోయింది. పైడి విదిలించుకుంది. తిత్తి ఎవరి ఛాతీలో ఉంటే, దాని తాళంచెవి ఎవరికివ్వాలో వాళ్ళిష్టం. మధ్యాహ్నానికల్లా మా ఇద్దరి తాళంచెవులూ రద్దు చేయించి నాలుగో పంటు షెడ్డుకి రాయించుకుంది. నాలుగో పంటు! మేకు కొట్టి డబ్బా మూత పెట్టడం మర్చిపోయే సన్నాసులు వాళ్ళు. వాళ్ళ పట్టీల్లో ఒకే నంబరు రెండుసార్లుంటుంది. ఆ మాటే అన్నాను. "ఉండనీ" అంది. "వాళ్ళు అరుచుకుంటారు. నేను విన్నాను."

బట్టలు మూట కట్టుకుని ఆ పంటు మీద మునిగేవాళ్ళ గదులకి వెళ్ళిపోయింది. గుమ్మం దాకా ఇద్దరం వెళ్ళాం. ఆగలేదు.

జోగినాథం గారికి బోర్డు నుంచి అభినందన వచ్చిందట, సకాలంలో తెలియజేసినందుకు. చదివి వినిపించాడు. గొంతు ఎప్పటిలాగే బాగుంది.

రాత తొమ్మిది, సోమవారం

ఈ రోజు పైడి కొత్త షెడ్డు చేతి కింద మొదటిసారి లోతుకి దిగింది. ఎవరో అనుకుంటే విన్నాం. షిఫ్టు వదిలేసి వచ్చాను. వచ్చేసరికి నాలుగో పంటు గట్టున సుభాషిణి అప్పటికే నిలబడి ఉంది.

గట్టున ఎప్పుడూ జనం ఉంటారు. కిందికి దిగినవాళ్ళ అమ్మలు, మొగుళ్ళు, అక్కచెల్లెళ్ళు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ వంక చూస్తూ ఉంటారు. నీళ్ళ మీద ఏముంటుంది చూడ్డానికి? మేము షెడ్డులో కూచుని ప్రతి గుటకా లెక్కపెట్టగలవాళ్ళం, కిటికీలోంచి వాళ్ళని చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నేనూ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పైడి ఎన్ని బారల కింద ఉందో తెలీదు. ఊపిరి ఎలా ఉందో తెలీదు. దాని తిత్తిలో ఎవరు ఏ మేకు ఎక్కడ కొట్టారో, పీకారో లేదో, దేవుడికి తెలియాలి, నాలుగో పంటు సన్నాసులకి తెలియాలి.

"వచ్చే వేళయిందా అక్కా?" అంది సుభాషిణి.

"ఏమో."

"చెవి మళ్ళీ పోటు వస్తుందేమో."

"ఏమోనే. నన్నడిగితే నాకేం తెలుసు?"

నీళ్ళు పగిలాయి. పైడి తల. ఒక్క దగ్గు కూడా లేదు, నీళ్ళలోంచి గాల్లోకి ఇంత తేలిగ్గా ఎవరూ వచ్చి ఉండరు. సుభాషిణి నా ముంజేయి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. నాలుగో పంటు షెడ్డతను ఒకడు వంగి బస్తా అందుకున్నాడు. పైడి గట్టెక్కి జుట్టు పిండుకుంది. మమ్మల్ని చూసింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాం. నేను నోరు తెరవబోయాను.

పైడి అతని వైపు తిరిగింది. "అక్కడ నిలబడ్డ ఇద్దరికీ చెప్పు, ఊపిరి బాగానే ఉందని" అంది.

అతను బస్తా కింద పెట్టి, మా దగ్గరికొచ్చి చెప్పాడు.